ఎడంచేతి సెట్టింగులు

తెర మీద ఓ మూల ఆ చిన్న పెట్టె ప్రత్యక్షమైనప్పుడల్లా టైపింగక్కకు ఒళ్లు మండేది. ‘కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. ఇప్పుడు మార్చుకుంటారా?’ అని అది మర్యాదగానే అడిగేది. కింద ‘సరే’ అని ఒక బటను, ‘తర్వాత’ అని ఇంకొకటి. పిలవని చుట్టాన్ని గుమ్మంలోనుంచే సాగనంపినట్టు ఆమె ‘తర్వాత’ నొక్కేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు సర్దుకుని మళ్లీ పనిలో పడేది. ఏడాదికి పైగా ఇదే తంతు.

ఆమె ఉద్యోగం ఒక పెద్దాసుపత్రిలో, స్కానింగు విభాగంలో. డాక్టర్లు ఎక్స్‌రేలూ స్కాన్లూ చూసి, కనిపించినదంతా మైకులో చెప్పుకుంటూ పోతారు. ఆ మాటలు విని, రిపోర్టుగా టైపు చేసి సంతకానికి పంపాలి. చిన్నాపెద్దా అందరూ ఆమెను టైపింగక్క అనే పిలుస్తారు. ఒకప్పుడు పదివేళ్లతోనూ టైపు చేసేది. వేళ్లు కీబోర్డు మీద పరిగెడుతుంటే చూడ్డానికి ఇంజెక్షన్ల కోసం వచ్చిన పిల్లలు కూడా ఏడుపు ఆపేవారని చెప్పుకునేవారు.

కొన్నేళ్ల కిందట ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఉంటే బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకుందామంటే చెయ్యి మాట వినలేదు. భర్తను పిలుద్దామంటే నోరు కూడా వినలేదు. అదే ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆ రోజు ఆమె స్కాను రిపోర్టు టైపు చేసింది పక్క సీట్లో పనిచేసే అమ్మాయి, అందరికీ పక్క సీటు చెల్లి. కళ్లు తుడుచుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ టైపు చేసిందట. ప్రాణం దక్కింది. మాట వచ్చింది, నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. బల్ల మీద పెడితే పెట్టినచోటే ఉంటుంది. కుడికన్ను చూపు కూడా మందగించింది.

తిరిగి పనిలో చేరినప్పుడు పైవాళ్లు రిసెప్షన్‌లో కూర్చోమన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆమెకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. “కొన్నాళ్లు చూడండి. నావల్ల కాకపోతే నేనే వెళ్లి కూర్చుంటాను,” అంది. ఎడంచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక రిపోర్టు పూర్తి చేసేసరికి మిగతావాళ్లు క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకుని వచ్చేవారు.

అప్పుడు ఆదుకున్నవాడు రీస్టార్ట్. ఆయన ఆసుపత్రి కంప్యూటర్లన్నీ చూసుకునే మనిషి. తలవెంట్రుకలు నెరిశాయి, ముక్కు చివర కళ్లద్దాలు. ఎవరు ఏ గోడు వెళ్లబోసుకున్నా ముందు “రీస్టార్ట్ చేసి చూశారా?” అంటాడు కాబట్టి ఆ పేరు పడిపోయింది. అసలు పేరు జీతాల సెక్షన్‌ వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఆమెకు ఒక టెక్స్ట్ ఎడిటర్, అంటే టైపు చేసుకునే ప్రోగ్రాం, చూపించాడు. ఒక్క చెయ్యి ఉన్నవాళ్లకు వీలుగా దాన్ని ఎలా మలచుకోవచ్చో నేర్పాడు. ఇద్దరూ కలిసి కొన్ని నెలలు తంటాలు పడి ఆమె కంప్యూటర్లో అంతా అమర్చుకున్నారు. ఇక బండి గాడిన పడింది అనుకుంటుండగా ఆ కంప్యూటరే కాలిపోయింది. సెట్టింగులన్నీ దానితోపాటే పోయాయి. ఆ రోజు ఆమె మెట్ల కింద కూర్చుని ఏడ్చింది. చెయ్యి పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

రీస్టార్ట్ ఆ మర్నాడే ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“అదే ఎడిటరమ్మా. ఇది పోర్టబుల్ రకం. ఏ కంప్యూటర్లోనూ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. ఇందులోనే ఉంటుంది, ఇందులోంచే నడుస్తుంది. మీరు ఏ సీటుకి మారితే ఆ సీటుకి మీ సెట్టింగులు కూడా మీ వెంట వస్తాయి.”

అలా ఆమె మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. తెరకు ముదురాకుపచ్చ రంగు, దాని మీద లేతపసుపులో పెద్ద పెద్ద అక్షరాలు. రెండు కీలు కలిపి నొక్కాల్సిన చోటల్లా ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే సరిపోయే ఏర్పాటు. కుడివైపు ఉండే పనులన్నీ ఎడమవైపు కీలకు మార్పు. వీటన్నిటికంటే ముఖ్యమైనవి పొట్టిపదాలు. ‘ఎవి’ అని కొట్టి స్పేస్ నొక్కితే ‘ఎముక విరిగిన ఆనవాళ్లు ఏమీ కనిపించలేదు’ అని వాక్యం మొత్తం వచ్చి వాలుతుంది. ‘ఊబా’ అంటే ‘ఊపిరితిత్తులు రెండూ బాగానే ఉన్నాయి’. ఈ డాక్టరు ఎప్పుడూ ఎలా మొదలుపెడతాడు, ఆ డాక్టరమ్మ ఎలా ముగిస్తుంది, అన్నిటికీ పొట్టిపదాలు కట్టుకుంది. రోజూ కొన్ని చేరుతూ, కొన్ని మారుతూ, అవి ఆమె వేళ్లకు పట్టుబడిపోయాయి. ఇప్పుడు ఆమె రిపోర్టు ఇవ్వడంలో ఎవరికీ తీసిపోదు. రిసెప్షన్ మాట ఎవరూ ఎత్తడం లేదు.

అలాంటి దాన్ని కొత్త వెర్షన్‌కి మార్చమంటే ఎలా మారుస్తుంది?

కానీ నోటీసు వచ్చింది. ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ కొత్త కాపలా ప్రోగ్రాం పెడుతున్నారు. వచ్చే సోమవారం నుంచి పాతబడిన సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, అది తెరవనివ్వదు. నోటీసు కింద రీస్టార్ట్ సంతకమే ఉంది. టైపింగక్క దాన్ని చదివి, మడిచి, సొరుగులో పడేసింది. పక్క సీటు చెల్లి అడిగితే “ఇంకా టైముందిలే,” అంది. ఆ వారమంతా రీస్టార్ట్ ఎదురుపడితే చూపు తప్పించుకుంది.

భర్త డ్రైవింగ్ స్కూల్లో నేర్పించే మాస్టరు. ఒక రాత్రి భోజనాలయ్యాక ఆయన గిన్నెలు కడుగుతుంటే ఆమె పక్కన నిలబడి తుడుస్తోంది.

“ఏమండీ, ఒక మాట అడుగుతాను. నవ్వకూడదు.”

“నవ్వొచ్చే మాటైతే నవ్వక ఏం చేస్తాను?”

“బండి మార్చి కొత్తది ఇచ్చారనుకోండి. పాతదాంట్లో సీటూ అద్దాలూ మీకు సరిపడా పెట్టుకున్నారు కదా, అవి అలాగే కొత్తదాంట్లోకి వస్తాయా?”

“ఎందుకొస్తాయి? మళ్లీ సరిచేసుకోవాలి. నా బండి ఎక్కేవాళ్లలో ఒకడు తాటిచెట్టు, ఇంకొకడు చింతపిక్క. వాళ్లు దిగినప్పుడల్లా నేను సీటు జరుపుకోవడం లేదూ?”

“మీకేం, లివర్ లాగితే జరుగుతుంది. నాది లివర్ కాదు. ఒక్కో పోగూ కూర్చి అల్లుకున్నాను. పోతే మళ్లీ అల్లే ఓపిక లేదు నాకు.”

ఆయన కుళాయి కట్టేసి ఆమె మొహంలోకి చూశాడు.

“భయమేస్తోందా?”

“వెయ్యదూ మరి!”

“అయితే ఇలా దాక్కుంటే లాభం లేదు. వెళ్లి రీస్టార్ట్‌ని పట్టుకో. ముందు నకలు తీసి పక్కన పెట్టమను. మా మెకానిక్ ఇంజన్ విప్పే ముందు ప్రతి ముక్కనీ ఫొటో తీసుకుంటాడు. అయినా ఒక్కో బోల్టు మిగిలిపోతుందనుకో.”

“ఆ చివరి మాట చెప్పకపోతే మీకు పొద్దుపోదు కదా!” అని తువ్వాలుతో ఆయన భుజం మీద ఒక్కటి వేసింది.

శనివారం మధ్యాహ్నం విభాగం ఖాళీగా ఉంటుంది. పక్క సీటు చెల్లి ఇంటికి వెళ్లిపోయింది. రీస్టార్ట్ కుర్చీ లాక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“మీరు రావడానికి ఇన్ని రోజులు పట్టిందేమిటమ్మా? నోటీసు చూడలేదనుకున్నాను.”

“చూశాను. అందుకే రాలేదు.”

ఆయన నవ్వి చెయ్యి చాపాడు. పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. పసిపిల్లను కొత్తవాళ్ల చేతికి ఇస్తున్నట్టు పట్టుకునే కూర్చుంది.

“ముందు నకలు,” అంది.

“నేను చెయ్యబోతున్నది అదే.”

పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి కాపీ చేశాడు. దానికి ‘పాతది, ముట్టుకోవద్దు’ అని పేరు పెట్టాడు. తన సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ తీశాడు.

“ఇంకొకటి తియ్యండి.”

“ఇంకొకటి ఎందుకమ్మా?”

“నా తృప్తికి.”

ఆయన మూడోది కూడా తీశాడు. అప్పుడు ఇంటర్నెట్ నుంచి కొత్త వెర్షన్ దింపాడు.

“ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కొత్తది తెచ్చి పాతదాని మీద గుమ్మరించేస్తారు. కొత్తదాని వెంట కూడా ఒక సెట్టింగుల ఫైలు వస్తుంది, తెల్లకాగితంలాంటిది. అది వచ్చి మన ఫైలు చోట్లో కూర్చుంటుంది. ఇక మనది గల్లంతే. అందుకని కొత్తదానికి వేరే ఫోల్డర్ ఇద్దాం. పాతదాని జోలికి పోవద్దు. కొత్తది సవ్యంగా తెరుచుకున్నాక మన సెట్టింగులు అందులోకి తీసుకెళ్దాం.”

కొత్తది తెరుచుకుంది. తెర తెల్లగా భగ్గుమంది. మధ్యలో చీమల బారులా నల్లటి అక్షరాలు. టైపింగక్క కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“ఇది నాది కాదు,” అంది.

“ఇప్పటికి కాదు. కాస్త ఆగండి.”

ఎడిటర్ మూసేసి, పాత ఫోల్డర్లోంచి సెట్టింగులూ, వాటి పక్కనే ఉన్న అనుబంధాలూ, అంటే ఎడిటర్‌కి తగిలించుకునే చిన్న చిన్న ప్రోగ్రాములూ, కొత్తదాంట్లోకి కాపీ చేశాడు. మళ్లీ తెరిచాడు. ఈసారి తెర ముదురాకుపచ్చగా వచ్చింది. లేతపసుపు అక్షరాలు, తన సైజులో. ఆమెకు తెలియకుండానే చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది. ఎడమవైపు కీలన్నీ వరసగా నొక్కి చూసింది. అన్నీ చెప్పిన మాట వింటున్నాయి. ‘ఎవి’ అని కొట్టి స్పేస్ నొక్కింది.

‘ఎవి’ అలాగే ఉండిపోయింది.

మళ్లీ కొట్టింది. ‘ఊబా’ కొట్టింది. అది కూడా రెండక్షరాలుగా బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఇంతలో తెర మధ్యలో ఒక పెట్టె వచ్చింది. ‘ఈ అనుబంధం ఈ వెర్షన్‌తో పనిచేయదు. తొలగించమంటారా?’

రీస్టార్ట్ చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. ఆమె చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది.

“నొక్కకండి!”

“అయ్యో, నేను ‘వద్దు’ నొక్కబోతున్నానమ్మా.”

“ఏదీ నొక్కకండి. దయచేసి ఏదీ నొక్కకండి.” పొట్టిపదాలు పని చేయించేది ఆ అనుబంధమే. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. అవతల ఎక్స్‌ప్రెస్ డాక్టరు. మాట మొదలుపెడితే మధ్యలో ఏ స్టేషన్లోనూ ఆగడని ఆయనకు ఆ పేరు.

“అక్కా, యాక్సిడెంట్ కేసు, తల స్కాను. సర్జను ఇక్కడే నిలబడి ఉన్నాడు. నేను చెప్తూ ఉంటాను, మీరు కొట్టేయండి. సిద్ధమేనా?”

ఆమె ఫోన్‌ని గుండెకు ఆనించుకుని రీస్టార్ట్ వైపు తిరిగింది.

“దీన్ని మూసెయ్యండి. పాతది తెరవండి. త్వరగా!”

పాతదాన్ని ఎవరూ ముట్టుకోలేదు కదా, అది ఎలా ఉందో అలాగే తెరుచుకుంది. ఆమె ఇయర్‌ఫోన్ల వైరు ఫోన్‌కి తగిలించి చెవుల్లో పెట్టుకుంది. “చెప్పండి డాక్టర్.”

ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది. ఆయన చెబుతున్నాడు, ఆమె కొడుతోంది. రెండక్షరాలకు ఒక వాక్యం, మూడక్షరాలకు ఒక పేరా. పుర్రె ఎముకలో పగులు లేదు. మెదడులో రక్తస్రావం లేదు. నుదుటి దగ్గర పైపైన వాపు మాత్రమే. డాక్టరు చివరి మాట అనేసరికి రిపోర్టు ఆయన తెర మీద ఉంది. “బతికించారక్కా. ఆపరేషన్ అక్కర్లేదు, కుట్లు వేస్తే సరిపోతుంది,” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

టైపింగక్క ఇయర్‌ఫోన్లు తీసి మెడ చుట్టూ వేసుకుంది. ఎవరో ఒక ముక్కూమొహం తెలియని మనిషి తల బాగానే ఉన్నందుకు ఎంత హాయిగా ఉందో!

రీస్టార్ట్ ఇంకా తెర వంకే చూస్తున్నాడు. సెట్టింగులు పెట్టడం నేర్పాడే కానీ, ఆమె పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూడటం ఆయనకు ఇదే మొదటిసారి.

“ఇందాక మీరు నా చెయ్యి ఎందుకు పట్టుకున్నారో ఇప్పుడర్థమైంది,” అన్నాడు. కళ్లద్దాలు ముక్కు మీద పైకి తోసుకుని, కొత్తదాన్ని మళ్లీ తెరిచి, ఆ పెట్టెలో ఉన్న చిన్న అక్షరాలన్నీ ఓపిగ్గా చదివాడు. చదివి నుదురు కొట్టుకున్నాడు.

“నా బుద్ధి గడ్డి తింది. ఒకే వెర్షన్ రెండు సైజుల్లో వస్తుందమ్మా, చొక్కాల్లాగా. మీ పాతది ముప్పైరెండు బిట్లది, అంటే చిన్న సైజు. నేనిప్పుడు దింపింది అరవైనాలుగు బిట్లది, పెద్ద సైజు. మీ అనుబంధం చిన్నదానికి కొలిచి కుట్టింది. పెద్దదానికి పట్టదు.”

“అంటే పాతదే వాడాలా? సోమవారం నుంచి తెరవనివ్వదన్నారు కదా?”

“అక్కర్లేదు. కొత్త వెర్షన్లో కూడా చిన్న సైజు ఉంటుంది. నేను చూసుకోకుండా మొదట కనిపించినది దింపేశాను.”

“దాంట్లో పనిచేస్తుందా?”

“పనిచెయ్యాలి.”

ఆ ‘చెయ్యాలి’ ఆమెకు నచ్చలేదు. ఆయన పెద్దదాన్ని తీసి పారేసి చిన్నదాన్ని దింపాడు. దానికి కొత్త ఫోల్డర్. సెట్టింగులు కాపీ చేశాడు, అనుబంధాలు కాపీ చేశాడు, తెరిచాడు. తెర ఆకుపచ్చగా వచ్చింది. పెట్టె ఏదీ రాలేదు. ఆయన లేచి కీబోర్డు ఆమె వైపు జరిపాడు.

టైపింగక్క ‘ఎవి’ కొట్టింది. స్పేస్ మీద బొటనవేలు పెట్టి, నొక్కకుండా కాసేపు ఉండిపోయింది. తర్వాత కళ్లు మూసుకుని నొక్కింది.

“కళ్లు తెరవండమ్మా,” అన్నాడు రీస్టార్ట్ మెల్లగా.

‘ఎముక విరిగిన ఆనవాళ్లు ఏమీ కనిపించలేదు.’

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ‘ఊబా’ కొట్టింది. ఊపిరితిత్తులు రెండూ బాగానే ఉన్నాయి. గుండె బాగుంది, కాలేయం బాగుంది, వెన్నుపూస వరసగా ఉంది. తెర నిండా ఆరోగ్యమే ఆరోగ్యం. ఒక్కొక్కటీ కొడుతూ ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నేనూ ఒకటి కొట్టి చూస్తాను,” అని రీస్టార్ట్ సరదాపడి వంగి ‘రీ’ అని కొట్టాడు. ఆమె “వద్దొద్దు” అనేలోపే స్పేస్ నొక్కేశాడు.

‘రీస్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ రాకపోతే మళ్లీ రీస్టార్ట్ చెయ్యండి. అప్పటికీ రాకపోతే నాకు ఫోన్ చెయ్యండి, నేను వచ్చి రీస్టార్ట్ చేస్తాను.’

టైపింగక్క మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కీబోర్డు వైపు చూసింది.

“ఇది నేనేనా?” అన్నాడు ఆయన.

“మరి... చెల్లి ఎప్పుడూ అడుగుతుంటుంది, కంప్యూటర్ ఆగిపోయింది ఏం చెయ్యాలీ అని. దానికి జవాబు రాయడానికి... ఊరికే, తమాషాకి...”

రీస్టార్ట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివి మళ్లీ నవ్వాడు. “అక్షరం పొల్లు పోలేదు. నా కంప్యూటర్లో కూడా ఇదొకటి పెట్టివ్వండమ్మా, రోజూ చేత్తో కొట్టలేక చస్తున్నాను.”

ఆ తర్వాత ఆయన కాపలా ప్రోగ్రాంని ఆ ఒక్క కంప్యూటర్లో ముందుగానే నడిపించి చూపించాడు. పాతదాన్ని అది గుమ్మంలోనే ఆపేసింది. కొత్తదాన్ని లోపలికి రానిచ్చింది. ఇక పనైపోయినట్టే అని ఆయన కుర్చీలోంచి లేస్తుంటే ఆమె ఆపింది.

“కాస్సేపు కూర్చోండి. తృప్తికి తీయించిన కాపీ ఉంది కదా, దాని మీద మొదటినుంచీ నేను చేస్తాను. మీరు మాట్లాడకూడదు.”

ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఎడంచేత్తో కొత్త ఫోల్డర్ తెరిచింది. చిన్న సైజు వెర్షన్ ఏదో చూసి మరీ అందులో పెట్టింది. సెట్టింగులు తెచ్చింది. అనుబంధాలు మరిచిపోయి ఎడిటర్ తెరవబోతుంటే ఆయన గొంతు సవరించుకున్నాడు. “మాట్లాడొద్దన్నానా!” అని వెనక్కి వెళ్లి అవి కూడా తెచ్చుకుంది. తెరిచింది. అంతా వచ్చింది. ఏడాదిగా తనను భయపెట్టిన పని ఇంతేనా అని తన మీద తనకే కాస్త కోపం వచ్చింది. కానీ ఆ కోపం నిలవలేదు. నిలవనివ్వనంత తేలిగ్గా ఉంది లోపల.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి మొహానికి తగులుతోంది. రెండు స్టాపులు దాటడం వరకూ ఆమెకు గుర్తుంది.

“అమ్మా, లేవండి. ఆఖరి స్టాపు.” కండక్టరు భుజం తడుతున్నాడు.

ఉలిక్కిపడి చూస్తే బస్సు ఖాళీ. బయట డిపో షెడ్డు. మెట్ల దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని భర్త నిలబడి ఉన్నాడు, చెమటలు కక్కుతూ.

“మీరు ఇక్కడెందుకున్నారు?”

“ఎందుకా! మన స్టాపులో నిలబడ్డాను నీకోసం. బస్సు ఆగింది, కదిలింది. కిటికీకి తల ఆనించి నువ్వు నా ముందునుంచే వెళ్లిపోయావు. ఒంట్లో బాగాలేదేమోనని స్కూటర్ మీద వెంటపడ్డాను. పిలిస్తే పలకవు, హారన్ కొడితే కదలవు. మా స్కూలు పిల్లలు చూస్తే మాస్టరుకి బస్సుల వెనకపడే జబ్బు పట్టుకుందంటారు.” ఒక్క గుక్కలో అనేసి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “పోయాయా?”

“లేదండీ. అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు.”

“మరి ఆ మొద్దునిద్ర ఏమిటి?”

“అందుకే.”

ఆయన ఒక్క క్షణం ఆమె వంక చూసి, మొహమంతా నవ్వాడు. చెయ్యి అందించి మెట్లు దింపాడు. కండక్టరు కూడా, ఏమీ అర్థం కాకపోయినా, నవ్వాడు.

స్కూటర్ డిపో దాటి రోడ్డెక్కింది. ఆమె ఎడంచెయ్యి ఆయన నడుం చుట్టూ వేసి వీపుకు చెంప ఆనించింది. ఎక్స్‌ప్రెస్ డాక్టరు ఫోన్ సంగతి, రీస్టార్ట్ నవ్విన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. సగంలో మాట మందగించింది.

“ఇదిగో, బండి మీద నిద్రపోకు!” అన్నాడు ఆయన.

“లేదులెండి, వింటున్నాను.”

“చెప్తున్నది నువ్వు!” అని ఆయన స్కూటర్ వేగం తగ్గించి, రోడ్డుకి ఒక పక్కగా, కొత్తగా నేర్చుకునేవాళ్లు నడిపినంత నిదానంగా ఇంటికి పోనిచ్చాడు.